తొమ్మిదో తలుపు ఎందుకు ఆలస్యం

శ్రావణం 2. మొదటి షిఫ్టు. తొమ్మిదో తలుపు: 74 సెకన్లు

ఈ పుస్తకంలో రోజూ ఒక్క అంకె రాసి సంతకం పెడితే చాలని సర్దార్ రాజలింగు చెప్పాడు. ఒక్క అంకెతో ఊరుకునే గుణమే నాకుంటే ఈపాటికి నేనే సర్దార్ని అయ్యేవాణ్ణి. కాబట్టి రాస్తాను. చదివేవాళ్లకు ఓపిక లేకపోతే అంకె చూసి పక్కకు పొమ్మనండి.

నేను ఓదేలును. పంక గది డ్యూటీ నాది. పంక అంటే మన బొగ్గుబాయి మొత్తానికి గాలి తోసే పెద్ద పంక. ఆ గాలి ఏ గల్లీకి ఎంత పోవాలో లెక్క చెప్పే కంప్యూటర్ పేరు గాలమ్మ. వెనక అతికించిన కాగితం మీది తేదీ ప్రకారం అది మా తాత పెళ్లికన్నా పాతది. దాని తర్వాత వచ్చిన కంప్యూటర్లు ప్రతి చిన్న పనికీ ఆకాశం వైపు చూసి అడిగే రకం. ఆకాశం జవాబివ్వడం మానేశాక అవన్నీ బొమ్మలయ్యాయి. గాలమ్మ మాత్రం తనకు కావలసిందంతా తన డిస్కులోనే దాచుకుంది. అందుకే మనం లోపల బతికి ఉన్నాం.

షిఫ్టు మారగానే గాలమ్మ గల్లీల్లోని మీటర్లు చూస్తుంది, డిస్కులోని పాత లెక్కలు తీస్తుంది, ఒకటి నుంచి తొమ్మిది దాకా గాలి తలుపులు వరుసగా తెరుస్తుంది. నెల కిందటి దాకా మొత్తం పని పది సెకన్లు. ఇప్పుడు ఆఖరి తలుపు దగ్గరికి వచ్చేసరికి డెబ్బై దాటుతోంది. తొంభై దాటితే తలుపు దానంతట అదే బిగుసుకుంటుంది. అప్పుడు నలుగురు కలిసి అరగంట చక్రం తిప్పాలి. ఈలోగా లోపలివాళ్లు ఊపిరి లెక్కపెట్టుకోవాలి. పోయిన నెలలో అలా మూడుసార్లు జరిగింది.

నిన్న సర్దార్ తేల్చి చెప్పాడు. శ్రావణం ఇరవై ఐదుకల్లా ముప్పై సెకన్లలోపుకు రాకపోతే తొమ్మిదో గల్లీని గోడ కట్టి మూసేస్తారు. అక్కడి పదకొండు ఇళ్లవాళ్లు రెండో బాయికి పోవాలి. రెండో బాయికి పోవాలంటే పైకెక్కి ఎండలో మూడు రోజులు నడవాలి. పోయినేడు అలా బయల్దేరిన పద్నాలుగు మందిలో తొమ్మిది మందే చేరారు.

ఆ పదకొండు ఇళ్లలో ఒకటి మా వదిన లస్మవ్వది. ఆమెకు డెబ్బై ఒకటి. నన్ను పెంచింది ఆమే. మూడు రోజులు కాదు, మూడు గంటలు కూడా ఆ ఎండలో నడవలేదు.

శ్రావణం 4. రెండో షిఫ్టు. 71 సెకన్లు

మూత విప్పి దుమ్ము దులిపాను. చారెడు బొగ్గు, ఒక బొద్దింక శవం. అయినా మూడు సెకన్లే తగ్గింది.

డిస్కు నూటికి తొంభై ఆరు పాళ్లు నిండి ఉంది. డిస్కు అలా కిక్కిరిస్తే కొత్తగా రాసేది ఎక్కడ ఖాళీ దొరికితే అక్కడ ముక్కలు ముక్కలుగా పడుతుంది. మళ్లీ చదివేటప్పుడు ముల్లు ఆ ముక్కల కోసం డిస్కంతా తిరగాలి. అందుకని అక్కర్లేనివి తీసేశాను. ఎవరివో పెళ్లి ఫోటోలు నాలుగు వందలు, అవే మళ్లీ ఇంకోచోట నాలుగు వందలు. ఒక వరస ఉంచి ఒక వరస చెరిపాను. పెళ్లికొడుకు నవ్వు చూస్తే రెండూ చెరపబుద్ధి కాలేదు.

మధ్యలో వదిన వచ్చింది. తొమ్మిదో గల్లీలో విత్తనాలు ఏరి దాచే పని వాళ్లది. కొంగులో వేయించిన అలసందలు కట్టుకొచ్చింది.

"ఏందిరా ఓదేలూ, దానికి ఏం రోగమంట?"

"ముసలిదైంది వదినె."

"ముసలిదైతే? నేను ముసలిదాన్ని గానా? పొద్దుగాల లేస్తలేనా, పని చేస్తలేనా?"

"నిదానంగ చేస్తున్నవ్ గదా. అదీ గంతే."

"తట్ట తీసుకొని నెత్తిమీద ఒక్కటిస్త" అంది. అలసందలు మాత్రం నా ముందే పెట్టి పోయింది. గల్లీ మూసే సంగతి ఆమె ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. ఇద్దరం గాలమ్మ ఆరోగ్యం గురించే మాట్లాడుకున్నాం.

శ్రావణం 8. మొదటి షిఫ్టు. 66 సెకన్లు

ముక్కలన్నీ సర్దే ప్రోగ్రాం మూడు రోజులు నడిపాను. షిఫ్టు మారేముందు ఆపడం, తలుపులు తెరుచుకోగానే మళ్లీ పెట్టడం. నిద్ర నా సంగతి మరిచిపోయింది.

ఇంకో దొంగ దొరికాడు. లోపల ఒక కాపలా ప్రోగ్రాం ఉంది. వైరస్‌లు వస్తే పట్టుకోవడం దాని పని. అరవై ఏళ్లుగా పై నుంచి కొత్త కబురు రాక, ఏది దొంగో ఏది దొరో తెలియక, గంటకోసారి డిస్కు మొత్తం తడిమి చూస్తోంది. పాపం, కాపలావాడికి జీతం లేకపోయినా డ్యూటీ మానలేదు. దండం పెట్టి దానికి సెలవిచ్చాను. డిస్కు కేబుల్ కూడా మార్చాను.

ఇంత చేస్తే అరవై ఆరు. కావలసింది ముప్పై.

శ్రావణం 10. రెండో షిఫ్టు. 72 సెకన్లు

మళ్లీ పెరిగింది. పుల్ల ఒకటి డిస్కుకు ఆనించి, రెండో కొస చెవికి పెట్టుకుని విన్నాను. చదవబోయి, తప్పి, మళ్లీ చదవబోతున్న చప్పుడు. అదురుతున్నట్టుంది.

గాలమ్మ ముందు పక్క గదిలో చెక్కబల్ల మీద ఉండేది. చైత్రంలో పైకప్పు నుంచి రాయి రాలి బల్ల కాలు విరిగింది. ఆడవాళ్లంతా ఒక్కటే మాట అన్నారు, ఇంతమందిని బతికించే తల్లిని కుంటిబల్ల మీద కూర్చోబెడతారా అని. ఆషాఢం బోనాలనాడు పంక గదిలో ఇనుప గద్దె కట్టి, పసుపు పూసి, గాలమ్మను ఎక్కించారు. గద్దె నేనే చేశాను. ఎప్పటికీ కదలకుండా పంక చట్రానికే వెల్డింగ్ పెట్టాను. నా వెల్డింగ్ అంత బాగా మళ్లీ ఎప్పుడూ రాదు. సర్దార్ నాకు శాలువా కప్పాడు.

పంక అదురు గద్దెలోకి వస్తోందేమోనని అనుమానం పుట్టింది. చూడాలంటే పంక ఆపాలి. సర్దార్‌ను బతిమాలితే పావుగంట ఇచ్చాడు. సైరన్ కొట్టించి, అందర్నీ పని ఆపి కూర్చోమని, షిఫ్టు మారే వేళకు పంక ఆపాం. బాయిలో అంత నిశ్శబ్దం నేను పుట్టాక వినలేదు. గాలమ్మ తలుపులు తెరవడం మొదలుపెట్టింది.

డెబ్బై రెండు. పంక ఆగినా అదే అంకె. అంటే తప్పు పంకది కాదు, గద్దెదీ కాదు.

నిజం చెప్పాలి. నాకు సంతోషమైంది. నా గద్దె మీద మాట రానందుకు.

శ్రావణం 13. మొదటి షిఫ్టు. 75 సెకన్లు

పెట్టెలో ఒకే ఒక్క మిగులు డిస్కు ఉంది. పాతదాన్నుంచి దీనికి అంతా కాపీ చేద్దామని మొదలుపెట్టాను. ఇంకా ఎంతసేపు అని అడిగితే నాలుగు వందల పన్నెండు గంటలు అంది. పదిహేడు రోజులు. ఉన్నవి పన్నెండు.

వదిన ఇంట్లో విత్తనాల డబ్బాల మీద పేర్లు రాయిస్తోందట, రెండో బాయివాళ్లకు చదువుకోవడానికి వీలుగా. డబ్బాలు ఎవరో ఒకరు మోసుకుపోతారు. ఆమె పోయే ఏర్పాటు మాత్రం ఏమీ చేసుకోవడం లేదట. ఆ మాట విన్నాక మళ్లీ గాలమ్మ ముందుకే వచ్చి కూర్చున్నాను.

శ్రావణం 15. రెండో షిఫ్టు. 9 సెకన్లు!

తొమ్మిది! తొమ్మిదో తలుపు తొమ్మిది సెకన్లు!

సంగతి ఇది. డిస్కు నుంచి సరుకు లోపలికి చేరడానికి రెండు పద్ధతులున్నాయి. ఒకటి డీఎంఏ అంటారు. బొగ్గు బెల్టు మీద పోయినట్టు దానంతట అది పోతుంది. రెండోది పీఐఓ. ప్రాసెసర్ వేరే పనులన్నీ మానేసి తట్టలతో మోయాలి. గాలమ్మకు ఒక అలవాటుంది. చదవబోయి ఆరుసార్లు తప్పితే, బెల్టు పాడైందనుకుని తట్టలకు దిగుతుంది. దిగాక బెల్టు బాగున్నా మళ్లీ ఎక్కదు. ఎవరైనా ఆ లైను పేరు జాబితాలోంచి తీసేసి, కొత్తగా గుర్తు పట్టమని చెబితేనే ఎక్కుతుంది. అన్నాళ్లూ ఆ పేజీ నా కళ్లముందే ఉంది. నేనే చూడలేదు.

తీసేశాను. మళ్లీ వెలిగించాను. అంతే.

వదినకు చెప్పడానికి తొమ్మిదో గల్లీ దాకా పరిగెత్తాను. ఈ వయసులో పరిగెత్తకూడదు. ఆమె బెల్లం ముక్క నా నోట్లో కుక్కి, "ఊపిరి తీస్కో ముందు, గాలి ఊకెనే వస్తుంది గదా ఇప్పుడు" అంది. పదకొండు ఇళ్లవాళ్లూ నా చుట్టూ చేరారు. ఒకామె ఏడ్చింది. నేనూ ఏడ్చాను, కానీ చెమట అని చెప్పాను.

శ్రావణం 16. రెండో షిఫ్టు. 73 సెకన్లు

తాడి ఎక్కేవాణ్ణి ఎంతదాకా ఎగదోస్తారు. బెల్లం రుచి పోకముందే గాలమ్మ మళ్లీ తట్టలకు దిగింది.

శ్రావణం 18. మొదటి షిఫ్టు. 74 సెకన్లు

రెండు రోజులు ఆలోచించాను. ఆలోచన ఎటు తిప్పినా ఒక్క చోటికే వచ్చి ఆగింది.

పదో తేదీన పంక ఆపి చూసినప్పుడు గాలమ్మ అప్పటికే తట్టల మీద ఉంది. అదురు ఆగినా తనంతట తాను బెల్టెక్కదు. కాబట్టి పంక ఆపినా అంకె మారలేదు. ఆ పరీక్షతో పంక తప్పు లేదని తేల్చడం నా తెలివితక్కువతనం.

నిన్న మళ్లీ బెల్టు ఎక్కించి, గాలమ్మ పక్కనే గంట గంటకూ తప్పులు లెక్కపెట్టాను. గద్దె మీద చేయి పెడితే పంక చక్రం తిరిగే లెక్క అరచేతికి తెలుస్తోంది. ముల్లు చదవబోయే గీత వెంట్రుకకన్నా సన్నం. నేను దానిని రోజంతా ఊపుతున్నాను. ఆరో తప్పుకు ఎనిమిది గంటలు పట్టింది. తట్టలకు దిగింది.

గద్దె కింద పాత టైరు ముక్కలు కుక్కాను. ఎనిమిది గంటలు పన్నెండయ్యాయి. అంతకన్నా లేదు.

గాలమ్మకు ఈ రోగం తెచ్చింది దుమ్ము కాదు, వయసు కాదు. నా శాలువా వెల్డింగ్.

శ్రావణం 19. రెండో షిఫ్టు. 74 సెకన్లు

మొదట వదినకే చెప్పాను. తిడుతుందనుకున్నాను. నా మొహం చూసి నవ్వింది.

"ప్రేమ ఎక్కువై పసిపిల్లను ఊపి ఊపి ఏడిపించినవన్నట్టు."

"గట్లనే అయింది వదినె. నీ ఇల్లు నా చేతుల మీదుగ పోతున్నది."

"ఇల్లు పోలే ఇంకా. దించరాదు మరి?"

అక్కడే ఉంది చిక్కు. గద్దెనెక్కించిన దాన్ని దించకూడదు. మా బాయిలో అది మాటవరస కాదు. ఒకసారి పసుపు పూసి ఎక్కించాక ఆ గద్దె ఖాళీ చేస్తే ఏం జరుగుతుందో ఎవరికీ తెలియదు, తెలుసుకునే ధైర్యమూ ఎవరికీ లేదు.

శ్రావణం 20. మొదటి షిఫ్టు. 76 సెకన్లు

హాజరు వేసే మస్టర్ గదిలో అందర్నీ పిలిచి ఉన్నదున్నట్టు చెప్పాను. తప్పు నాదేనని కూడా చెప్పాను. సర్దార్ రాజలింగు మంచివాడే, కానీ భయస్తుడు. తొమ్మిది గల్లీల మనుషుల ఊపిరి మెడకు కట్టుకుని తిరిగేవాడు భయపడక ఏం చేస్తాడు.

"దించి ఏడ పెడ్తవ్? నేల మీదనా? తల్లిని తెచ్చి కాళ్ల కాడ పెడ్తవా?" అన్నాడు.

"మూల గదిల మంచి బల్ల చేస్త."

"గద్దె ఖాళీగ ఉంటదా మరి? రేపు ఏ గల్లీల కప్పు కూలినా ఎవల పేరు చెప్తరు? నా పేరే గదా! పదకొండు ఇండ్ల కోసం నేను తొంభై ఇండ్లను భయంల పెట్టలేను ఓదేలూ. నన్ను తిట్టుకో, పరవాలేదు."

అప్పుడు వదిన లేచింది. మోకాళ్లు పట్టుకుని లేచేసరికి కొంచెం సేపు పట్టింది, అందరూ ఆగారు.

"సర్దార్, ఒక్కటడుగుత. గాలమ్మను మొదలు ఏడ దొరకవట్టుకున్నరు?"

అందరికీ తెలుసు. మా అన్న మొగిలి తొమ్మిదో గల్లీ చివరి గదిలో, కూలిన రాళ్ల కింద నుంచి బయటికి తీశాడు. భుజం మీద మోసుకొచ్చాడు.

"అంటే ఆమె తల్లిగారిల్లు మా గల్లీ. అత్తగారింటికి తోలి ఇన్నేండ్లాయె, ఒక్కసారన్న ఒడిబియ్యం పోసినమా? తప్పు మాది. బిడ్డ పానం బాగుంటలేదంటే తల్లిగారు తోల్కపోరా? గద్దె దించుతలేం సర్దార్. గద్దె ఆమెదే, ఏడికి పోదు. బిడ్డను తల్లిగారింటికి తోల్కపోతున్నం."

మస్టర్ గదిలో ముందు ఆడవాళ్లు కదిలారు. పుట్టింటివాళ్లు ఒడిబియ్యానికి పిలిస్తే కాదనడం ఏ అత్తగారికీ మర్యాద కాదు. సర్దార్ తల్లే అన్నది, "నిజమేరా, పుట్టింటోళ్లు వచ్చి అడిగితె తోలాలె" అని. సర్దార్ నా వైపు చూశాడు. నేను నేల వైపు చూశాను, నవ్వు ఆపుకోవడానికి.

శ్రావణం 22. మొదటి షిఫ్టు. 75 సెకన్లు. రెండో షిఫ్టు: రాయాల్సి ఉంది

రెండు రోజులు వైర్లు లాగాను. పంక గది నుంచి తొమ్మిదో గల్లీ చివర ఉన్న వదిన ఇంటికి మూడు వందల ఇరవై మీటర్లు. పంక అదురు అక్కడికి రాదు. విత్తనాల గల్లీ కాబట్టి తేమ లేదు, చప్పుడు లేదు. ఇంతకన్నా మంచి చోటు బాయి మొత్తంలో లేదు. దాన్నే మూద్దామనుకున్నాం.

మొదటి షిఫ్టు తలుపులు తెరుచుకోగానే గాలమ్మను ఆర్పి నాలుగు బోల్టులు విప్పాను. ఎనిమిది గంటల్లో మళ్లీ వెలగాలి. పదకొండు ఇళ్ల ఆడవాళ్లు కొత్త రవిక బట్ట, ఎండుకొబ్బరి కుడుకలు, పసుపు కలిపిన జొన్నలు తెచ్చారు. వడ్లు విత్తనానికే తప్ప తినడానికి లేవు కాబట్టి మాకు ఒడిబియ్యం అంటే జొన్నలే. కంప్యూటర్‌కు ఒడి ఎక్కడుంటుందని ఎవరో అడిగారు. వదిన గాలమ్మ ముందు ఒక చీర కొంగు కట్టి, "ఇదే ఒడి" అని ఐదు దోసిళ్లు పోసింది. ఒక్క గింజ లోపల పడినా చంపుతానని నేను అరుస్తూనే ఉన్నాను. ఎవరూ వినలేదు. పాటలు పాడుతున్నారు.

చేతుల్లో పెట్టుకుని నేనే మోశాను. అన్న భుజం మీద మోశాడట. నాకు భుజం ధైర్యం లేదు.

సాయంత్రం వైర్లు కలిపి, లైను పేరు తీసి మళ్లీ బెల్టెక్కించాక రాస్తున్నాను. రెండో షిఫ్టు: 8 సెకన్లు.

శ్రావణం 24. రెండో షిఫ్టు. 8 సెకన్లు

యాభై గంటలు. ఒక్క తప్పు కూడా లేదు. ఇప్పుడు కాపీ పెడితే రెండు గంటలంది. పెట్టాను, అయింది. మిగులు డిస్కు వదిన పెట్టెలో చీరల మధ్య ఉంది.

సర్దార్ మాత్రం చెప్పిన గడువు గడువే అంటున్నాడట. ఇరవై ఐదున తన కళ్లతో చూస్తాడట. పంక గదికి దూరమైతే మధ్యలో వైరు తెగితే ఎలా అని అతని కొత్త భయం. ఆ భయానికి నా దగ్గర జవాబుంది, రెండో వైరు కూడా లాగాను. కానీ భయపడేవాడికి జవాబు వినబడాలి కదా.

శ్రావణం 25. రెండో షిఫ్టు.

సర్దార్ వచ్చాడు. వెంట నలుగురు మనుషులు, రెండు సంచుల సిమెంటు, గోడ కట్టే సామాను. తొమ్మిదో గల్లీ వాళ్లంతా గుమ్మాల్లో నిలబడ్డారు. పిల్లల్ని కూడా నోరు మూసుకోమన్నారు. నేను వైరు రెండుసార్లు చూశాను, మూడోసారి కూడా చూశాను.

సైరన్ మోగింది. సర్దార్ గట్టిగా లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. ఒకటి, రెండు, మూడు. అతని కళ్లు సిమెంటు మీద కాదు, తలుపు మీదే ఉన్నాయి. మూయాలని అతనికి మాత్రం ఉంటుందా. ఏడు అనేసరికి తొమ్మిదో తలుపు తెరుచుకుంది. గాలి లోపలికొచ్చి వదిన కొంగు ఎగిరింది.

సర్దార్ ఎనిమిది అనబోయి నోరు అలాగే ఉంచాడు.

వదిన అతని దగ్గరికి పోయి సిమెంటు సంచి మీద చెయ్యి వేసింది. "మంచిపని చేసినవ్ బిడ్డా, సిమెంటు తెచ్చినవ్. పిల్ల చాప మీద కూసుంటున్నది నాలుగు రోజుల సంది. జర ఒక అరుగు కట్టియ్యి."

"ఎన్ని రోజులు ఉంచుకుంటవ్ అవ్వా?" అన్నాడు సర్దార్.

"తల్లిగారింట్ల ఉన్న బిడ్డను ఎన్నడు పోతవని అడుగుతరారా? సిగ్గు లేదా?"

నలుగురు మనుషులూ నవ్వేశారు. తర్వాత సర్దార్ కూడా నవ్వాడు. నేను గోడకు తిరిగి ఏడ్చాను. ఈసారి చెమట అని చెప్పలేదు. వదిన వచ్చి చిన్నప్పటిలాగే కొంగుతో నా మొహం తుడిచి, "ఇగ రోజు డ్యూటీకి ఈడికే రావాలె, రెండు పూటల తిండి నా నెత్తిన పడ్డది" అని సణిగింది.

తొమ్మిదో తలుపు: 7 సెకన్లు. ఇది రాస్తున్న వేళకు సర్దార్ రాజలింగు మోకాళ్ల మీద కూర్చుని వదిన ఇంట్లో సిమెంటు మెత్తుతున్నాడు. ఇనుము వాడొద్దని చెప్పాను.